బొలేరో, ఇన్నోవా, వి-క్రాస్: శ్రీకాకుళం దారుల్లో కారవాన్ లాగి చూశాం

మా బావ ఒక కారవాన్ చేయించుకున్నాడు. ఇంజనుండే వ్యాన్ కాదు, కారు వెనకాల తగిలించి లాక్కెళ్లే రెండు చక్రాల ఇల్లు. లోపల నలుగురు పడుకునే మంచాలు, స్టవ్వు గట్టు, చిన్న ఏసీ, క్యాసెట్ టాయిలెట్ (కిందున్న మురుగు పెట్టె బయటికి లాగి ఖాళీ చేసుకునేది), అరవై లీటర్ల నీళ్ల ట్యాంకు. తయారుచేసిన షెడ్డు యజమాని తాళాలిస్తూ "ఏ కారైనా లాగీస్తాది సార్, ఏటీ ఆలోచించకండి" అన్నాడట. బావ దగ్గర బొలేరో ఉంది. దాన్నే ఉంచుకోవాలా, అమ్మేసి వేరేది కొనాలా అన్నది ఇంట్లో తెగని పంచాయితీ అయింది. నాది ఇన్నోవా క్రిస్టా. పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే మా చిన్నాన్న కొడుకు దగ్గర ఐసుజు వి-క్రాస్ పికప్ ఉంది. సంక్రాంతి వెళ్లాక విజయనగరంలో బయల్దేరి, మూడు బండ్లకీ మార్చి మార్చి కట్టుకుంటూ శ్రీకాకుళం జిల్లా తిరిగొచ్చాం.

ముందు బరువు సంగతి. "ఏడొందల కిలోలుంటాదండి" అని షెడ్డువాడు నోటిమాటగా చెప్పాడు. ఊరి చివర రైసుమిల్లు కాటా మీద పెడితే ఖాళీ కారవానే 830 తూగింది. పరుపులు, సిలిండరు, గిన్నెలు, సగం ట్యాంకు నీళ్లు, అక్క సర్దిన పచ్చళ్ల జాడీలతో సహా 1,090. కారవాన్ ఎవరు కొన్నా ఈ రెండో అంకె చేతిలో పెట్టుకునే కారు వెతకాలి. బ్రిటన్‌లో కొత్తగా లాగేవాళ్లకి ఒక లెక్క చెబుతారు: సామాన్లతో కలిపి కారవాన్ బరువు, ఖాళీ కారు బరువులో 85 శాతం దాటకూడదు. అది చట్టం కాదు, సలహా. మా మూడు బండ్లూ ఒకటిన్నర టన్నుకి పైబడినవే, మూడింటికీ కింద నిచ్చెన ఛాసీ (నిచ్చెన ఆకారంలో ఉండే గట్టి ఇనుప చట్రం) ఉంది కాబట్టి ఆ గండం దాటాం. టన్ను బరువుండే హ్యాచ్‌బ్యాక్‌కి దీన్ని కడితే మాత్రం కారు కారవాన్‌ని నడపదు, కారవానే కారుని నడుపుతుంది.

కారు కొక్కెం మీద పడే బరువు ఇంకో లెక్క. మొత్తం బరువులో 5 నుంచి 7 శాతం అక్కడ పడాలి. అంటే మాకు 55 నుంచి 75 కిలోల మధ్య. అక్క బరువు చూసుకునే మిషన్ తెచ్చి, దాని మీద చెక్కముక్క నిలబెట్టి, కారవాన్ మూతి దాని మీదకి దించాం. 38 చూపించింది. సిలిండరునీ నీళ్ల డబ్బాలనీ వెనకనుంచి తెచ్చి ఇరుసుకి కాస్త ముందుగా, కింద నేల మీద సర్దితే 70కి వచ్చింది. మూతి తేలికైతే కారవాన్ తోక ఊపుతుంది, మరీ బరువైతే కారు వెనక కుంగి ముందు చక్రాల పట్టు తగ్గుతుంది. ఈ డెబ్బై కిలోలూ కారు మోసే బరువులో కలుస్తాయని కూడా గుర్తుంచుకోవాలి. డిక్కీలో ఒక మనిషిని కూర్చోబెట్టినట్టే.

నాతవలస దగ్గర హైవే ఎక్కేదాకా బొలేరో హాయిగా లాగింది. బొలేరోది 76 హార్స్‌పవర్, 210 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే చక్రాల్ని తిప్పే బలం. కాగితం మీద చిన్న అంకెలే గానీ ఆ టార్క్ తక్కువ ఆర్‌పీఎమ్‌లోనే అందుతుంది కాబట్టి కదలడానికి ఇబ్బంది లేదు. రణస్థలం మీదుగా ఆరు వరుసల రోడ్డు మీద డెబ్బైలో నిలకడగా పోయాం. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు నాలుగో గేరు, ఒక్కోసారి మూడో గేరు. లారీని దాటాలన్న ఆశ మాత్రం వదులుకోవాలి. బావకి ఆ ఆశ వదలదు, అది వేరే సంగతి.

అసలు పరీక్ష పక్కనుంచి వోల్వో బస్సు దూసుకుపోయినప్పుడు. గాలి ముందు కారవాన్‌ని అవతలికి నెట్టి, తర్వాత తన వైపు లాక్కుంటుంది. అప్పుడు బ్రేకు నొక్కినా, స్టీరింగ్ తిప్పి సరిచేయబోయినా ఊపు పెరుగుతుంది. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని ఎక్సలరేటర్ మీద కాలు తీసేస్తే అదే సర్దుకుంటుంది. ఇక్కడే బండ్ల మధ్య తేడా తెలిసింది. బొలేరో ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం 2,680 మిల్లీమీటర్లు, ఇన్నోవాది 2,750, వి-క్రాస్‌ది 3,095. అదే బస్సు గాలికి బొలేరో స్టీరింగ్ చేతిలో కదిలినట్టుండేది, వి-క్రాస్‌లో అద్దంలో చూస్తే తప్ప తెలిసేది కాదు. థార్ కొనమని బావకి ఎవరో సలహా ఇచ్చారు. ఇంజను బాగానే ఉంటుంది, కానీ పొట్టి బండి. కారవాన్ కోసమైతే నేను వద్దనే అంటాను.

శ్రీకాకుళంలో అరసవల్లి దగ్గరికి కారవాన్‌తో ఆదివారం పొరపాటున కూడా వెళ్లొద్దు. మాఘమాసం ఆదివారాలు, రథసప్తమి అయితే ఆ దరిదాపులకి కూడా పోవద్దు. మేం వారం మధ్యలో పొద్దున్నే దర్శనం చేసుకుని బయటపడ్డాం. గుడి వీధుల్లో కారవాన్ తిప్పే చోటు లేదు. ముందే బయట రోడ్డు వెడల్పున్న చోట ఆపి ఆటోలో వెళ్లడం సుఖం.

అక్కడినుంచి గార మీదుగా కళింగపట్నం. ఈ దారిలో కారు ఇంజను కన్నా స్పీడ్ బ్రేకర్లే బండిని నిర్ణయిస్తాయి. ఊరికి నాలుగు, బడికి రెండు, ఎవరింటి ముందు వాళ్లు వేసుకున్నవి మరికొన్ని. కారు వెనక చక్రాలు దిగే సమయానికి కొక్కెం కిందికి వచ్చి గట్టుని గీరుతుంది. ఎత్తుగా ఉండే బొలేరో, వి-క్రాస్ ఇక్కడ గెలిచాయి. ఇన్నోవాకి నలుగురు ఎక్కాక ఒకటి రెండుచోట్ల కిర్రుమంది. పైన చూసుకోవాల్సిన గొడవ ఇంకోటి: కారవాన్ నెత్తిన ఏసీ పెట్టె ఉంది, ఊళ్లలో కేబుల్ తీగలు వేలాడుతుంటాయి. మా మేనల్లుడు వెదురుకర్ర పట్టుకుని ముందు నడవాల్సి వచ్చింది.

ఒకచోట దారి తప్పి గుడి ముందు ఆగిపోయే సందులోకి దూరాం. వెనక్కి తీయాలి. ఎడమకి పోవాలంటే స్టీరింగ్ కుడికి తిప్పాలి, మళ్లీ వెంటనే సరిచేయాలి. బావ తిప్పుతుంటే కారవాన్ అడ్డంగా మడుచుకుంటోంది. అరుగు మీద కూర్చున్న ముసలామె "ఓలమ్మా, బండెనకాల ఇల్లు కట్టుకొచ్చీసినారేటి బాబూ!" అని నవ్వుతోంది. ఇంతలో లుంగీ ఎగ్గట్టుకున్న కుర్రాడొకడు వచ్చి "దిగండి బావ్, నాను తీస్తాను" అన్నాడు. ట్రాక్టరు డ్రైవరట. అద్దాలు చూడనే లేదు, తల కిటికీలోంచి బయటపెట్టి, స్టీరింగ్‌ని అటో చిటికెడు ఇటో చిటికెడు తిప్పుతూ ఒక్క ఊపులో రోడ్డెక్కించేశాడు. ఇసుక తొట్టి వెనక్కి తోలేవాడికి ఇదేం లెక్క! డబ్బులివ్వబోతే తీసుకోలేదు, లోపల టాయిలెట్ ఎలా ఉంటుందో చూపించమన్నాడు.

కళింగపట్నంలో సముద్రం దాకా బండి తీసుకెళ్లాలనిపిస్తుంది. ఇసుక మీద టన్ను బరువు లాగడం ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్న వి-క్రాస్ పని. అదీ టైర్లలో గాలి తగ్గించాక. మిగతా రెండిటితో సిమెంటు రోడ్డు దిగలేదు. దీపస్తంభం అవతల సరుగుడు తోట అంచున గట్టినేల చూసుకుని, పక్క ఇంటివాళ్లని అడిగి నిలబెట్టాం. కరెంటుకి రోజుకింత అని మాట్లాడుకున్నాం. సాయంత్రం వోల్టేజి పడిపోతే ఏసీ కంప్రెసర్ మూలిగి ఆగిపోయింది. ఫ్యానుతో గడిచిపోయింది, ఆ గాలికి ఏసీ అవసరమే లేదు. కారవాన్‌కి ప్రత్యేకంగా చోటు, నీళ్ల కుళాయి, మురుగు వదిలే గుంట అన్నీ ఒకచోట ఈ తిరుగుడులో మాకెక్కడా కనిపించలేదు. టాయిలెట్ క్యాసెట్ ఖాళీ చేయాలంటే ఇంటివాళ్ల సెప్టిక్ ట్యాంకు మూత తీయించుకోవాలి. సిగ్గుపడితే కుదరదు, ముందే అడిగి పెట్టుకోవాలి. నీళ్లు మాత్రం దిగిన చోటే నింపుకోవడం మేలు, లీటరంటే కిలో బరువు.

లాగుడు కారవాన్ గొప్పతనం నాకు ఇక్కడ తెలిసింది. ఇంటిని తోటలో విప్పేసి, ఒట్టి కారుతో చుట్టుపక్కల తిరగొచ్చు. ఇంజనున్న వ్యాన్ అయితే కాఫీపొడి కోసం కూడా ఇల్లంతా కదలాలి. అలా కూర్మావతారానికి పూజలు జరిగే శ్రీకూర్మం వెళ్లాం. గుడి ఆవరణలో పెంచే నక్షత్ర తాబేళ్ల దగ్గరనుంచి పిల్లలు కదల్లేదు. మర్నాడు శాలిహుండం. 1919లో గిడుగు రామమూర్తి పంతులు గారు గుర్తించిన బౌద్ధక్షేత్రం అది. మెట్లెక్కి పైకి వెళ్తే ఇటుక స్తూపాల మధ్యనుంచి వంశధార పాయలు కనిపిస్తాయి. పైన నీడ తక్కువ, తొమ్మిదిలోపు ఎక్కి దిగిపోవాలి.

మడపం దగ్గర వంశధార దాటి, నరసన్నపేట, టెక్కలి మీదుగా పలాస పోయాం. దారిలో తేలినీలాపురం. ఈ కాలంలో చింతచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గుంపులుగా ఉంటాయి. ఊరి దారి సన్నం, కారవాన్‌ని టెక్కలి బయట పెట్రోలు బంకులో అడిగి పెట్టి వెళ్లండి. పలాసలో తమ్ముడి జీడితోటలో బస మొత్తం ప్రయాణంలోకి హాయి. నేల గట్టి, మూడు ఫేజుల కరెంటు, బోరు నీళ్లు. బసకి ఇన్ని మార్కులు వేస్తున్నది తమ్ముడి తోట కావడం వల్ల కాదు, అక్కడ బండిని గుండ్రంగా తిప్పేంత జాగా ఉంది.

తిరుగు ప్రయాణంలో తాటిపూడి జలాశయం చూసి, శృంగవరపుకోట దాటి బొడ్డవర దగ్గర అరకు ఘాట్ మొదలయ్యేచోట కొంతదూరం ఎక్కించి చూశాం. బొలేరో రెండో గేరులో ఓపిగ్గా ఎక్కింది, వెనక మాత్రం కార్ల వరుస పేరుకుపోయింది. 343 న్యూటన్ మీటర్ల ఇన్నోవా, 360 ఉన్న వి-క్రాస్ మూడో గేరులో పోయాయి. ఎక్కడం కన్నా దిగడం ముఖ్యం. దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే ఉండాలి, బ్రేకు మీద కాలు పెట్టి కూర్చుంటే డ్రమ్ములు కాలిపోతాయి. మా కారవాన్‌కి తోపుడు బ్రేకు ఉంది. కారు నెమ్మదిస్తే కారవాన్ ముందుకి తోసుకొస్తుంది, ఆ తోపుకి మూతిలోని కడ్డీ వెనక్కి జరిగి తీగ లాగి చక్రాల బ్రేకు పడుతుంది. ఐరోపాలో 750 కిలోలు దాటిన ట్రైలరుకి సొంత బ్రేకు తప్పనిసరి. ఖర్చని ఇది తగ్గించుకోవద్దు. ఘాట్ దిగుతూ వెనక టన్ను బరువు మోకాలితో పొడుస్తుంటే హార్స్‌పవర్ ఎవరికీ గుర్తురాదు.

కొనేవాళ్లు ఇంకో రెండు చూసుకోండి. బండి మాన్యువల్‌లో లాగే బరువు ఎంత రాశారో, అసలు లాగొద్దన్నారో చదవండి. వి-క్రాస్ అన్నదమ్ములు విదేశాల్లో 3,500 కిలోలు లాగుతాయని వీడియోల్లో చూపిస్తారు గానీ ఆ అంకె అక్కడి బండికి, అక్కడి కొక్కేనికి. వారంటీ, ఇన్సూరెన్స్ సంగతి షోరూమ్‌లో నోటిమాట కాకుండా కాగితం మీద రాయించుకోండి. కారవాన్ కూడా ట్రైలరే, దానికి వేరే రిజిస్ట్రేషన్, వేరే ఇన్సూరెన్స్ ఉండాలి. ఆటోమేటిక్ కావాలంటే టార్క్ కన్వర్టర్ (క్లచ్‌కి బదులు నూనెతో ఇంజను బలాన్ని గేర్లకి అందించేది) ఉన్నది తీసుకోండి, బరువుతో ఎత్తు మీద ఆగి కదిలేటప్పుడు మిగతావాటిలో క్లచ్ నలుగుతుంది. ఎలక్ట్రిక్ కారు గురించి మేనల్లుడు అడిగాడు. లాగే బలానికి లోటులేదు, కానీ కారవాన్ కడితే ఒక చార్జింగ్‌కి వచ్చే దూరం సగానికి పడిపోవచ్చు. పైగా చార్జింగ్ చోట కారవాన్ విప్పి పక్కన పెట్టాలి.

నన్నడిగితే విజయనగరం, శ్రీకాకుళం మైదానాల్లో, తీరం వెంబడి తిరగడానికి బొలేరో చాలు, అమ్మక్కర్లేదు. అరకు వైపో, ఒడిశా కొండల వైపో తరచూ వెళ్తామంటే సెకండ్‌హ్యాండ్ వి-క్రాస్ మంచి బేరం. నలుగురు పెద్దవాళ్లు రోజంతా కూర్చోవాలంటే ఇన్నోవా, కానీ వెనక స్ప్రింగులు గట్టివి వేయించుకోవాలి, స్పీడ్ బ్రేకర్లని ఏటవాలుగా ఎక్కాలి. బావ విశాఖలో వి-క్రాస్‌లు చూస్తున్నాడు. అక్క మాత్రం ఒప్పుకోవడం లేదు: "కారవాన్‌లో మంచం ఉంది కదా అని కారులో వెనక సీటు చెక్కబల్లలా ఉంటే ఎలా? లాగే రోజులు ఏడాదికి ఎన్ని, నన్ను బజారుకి తీసుకెళ్లే రోజులు ఎన్ని?" బావ దగ్గర దీనికి ఇంకా జవాబు లేదు.