మెస్తా: ఖియోస్ ద్వీపంలో మస్తిఖా పండించే ఊరు

గ్రీసుకు వెళ్లేవారు సాధారణంగా ఏథెన్స్, సంతోరినీ చూసి తిరిగివస్తారు. తుర్కియే తీరానికి దగ్గరగా ఉన్న ఖియోస్ ద్వీపంలో, అదే పేరుగల ముఖ్య పట్టణం నుంచి సుమారు 35 కిలోమీటర్ల దూరాన ఉన్న మెస్తా గ్రామంలో మేము సెప్టెంబరులో మూడు రాత్రులు ఉన్నాము.

1346 నుంచి 1566 వరకు ద్వీపాన్ని ఏలిన ఇటలీలోని జెనోవా వర్తకులు, ఇక్కడి పంట అయిన మస్తిఖా అనే సువాసన బంకను సముద్రపు దొంగల నుంచి కాపాడుకోవడానికి కట్టించిన కోట ఊరు ఇది. వేరే ప్రాకారం అక్కరలేకుండా, అంచున ఉన్న ఇళ్ల వెనుక గోడలే ఒకదానికొకటి ఆనుకొని కోటగోడగా నిలిచాయి. సందులు ఎంత ఇరుకంటే, రాతి కమానుల కింద మిట్టమధ్యాహ్నం కూడా చల్లగా, నిశ్శబ్దంగా ఉంటుంది. ఒకప్పుడు బురుజు ఉన్న చోట ఇప్పుడు తక్సియార్ఖిస్ చర్చి ఉంది. దాని ముందున్న అంగణమే ఊరి రచ్చబండ.

అయితే మెస్తాను మెస్తాగా నిలిపింది రాళ్లు కాదు, మస్తిఖా చెట్టు. మనిషి ఎత్తుకు కాస్త మించి పెరిగే ఈ చెట్టు మొదలు చుట్టూ నేలను ఊడ్చి, చదును చేసి, సున్నపురాయి తెల్లపొడి చల్లుతారు. ఆ తరువాత మన గీత కార్మికులు తాటిచెట్టును గీసినంత నేర్పుతో బెరడుకు సన్నని గాట్లు పెడతారు. ఆ పనిని ఇక్కడివారు కేండిమా అంటారు, కుట్టుపనికి కూడా అదే మాట. కారిన బంక రెండు, మూడు వారాలలో గట్టిపడి ముత్యాలవలె తెల్లపొడి మీద రాలుతుంది. ఒక చెట్టు ఏడాదికి ఇచ్చేది గ్రాములలోనే. మా ఆతిథేయురాలు మమ్మల్ని తెల్లవారకముందే తోటకు తీసుకువెళ్లి, ఎండ రాకముందే ఎందుకు ఏరాలో చూపించారు: వేడికి బంక మెత్తబడి చేతికి అంటుకుంటుంది. ఇంటికి వచ్చాక ఆమె, పొరుగున ఉన్న ఇద్దరు పెద్దావిడలు గుమ్మంలో కూర్చొని, బియ్యంలో రాళ్లు ఏరినట్లు, ఒక్కొక్క పలుకును శుభ్రం చేస్తుంటే, ఈ పనిని యునెస్కో 2014లో మానవాళి వారసత్వంగా ఎందుకు గుర్తించిందో నాకు అర్థమైంది. 1822లో ఒట్టోమన్ సైన్యం జరిపిన ఊచకోతలో ద్వీపం అల్లాడినప్పుడు ఒట్టోమన్ సుల్తాను ఈ గ్రామాలను చాలావరకు విడిచిపెట్టినది కూడా ఈ పంట కోసమే.

బస రాతి ఇంటి మేడగదిలో దొరికింది. గది శుభ్రంగా ఉంది కాని, మెట్లు బాగా నిటారుగా ఉన్నందున మోకాళ్ల నొప్పులున్నవారు కింది గదిని ముందే అడగాలి. బస్సులు తక్కువ కనుక అద్దె కారు తీసుకోవడమే మేలు. శాకాహారులకు టమాటా వడలు, శనగల వంటకాలు, అత్తిపండ్లు దొరుకుతాయి, అయినా ముందు రోజే చెబితే మంచిది. మస్తిఖా తీపిని చెంచాతో చల్లని నీటి గ్లాసులో ముంచి ఇస్తారు. ఆ వాసన దేవదారును, సోంపును కలిపినట్లుంటుంది. పగటిపూట వచ్చి సాయంత్రానికి వెళ్లిపోయేవారికి ఈ ఊరు ఫోటోలకే పరిమితమవుతుంది. కనీసం రెండు రాత్రులు, అదీ ఆగస్టు మధ్య నుంచి సెప్టెంబరు చివరి లోపు, ఉండమని నా సలహా.

మస్తిఖా పలుకులు ఒక చిన్న పెట్టె తెచ్చుకున్నాను. యునానీ వైద్యులు రూమీ మస్తగీ అని పిలిచేది దీనినే.