పాత గోవాలో కూలిన చర్చి: రెండు గంటల గైడు సేవపై సమీక్ష

ఒకప్పటి పోర్చుగీసు రాజధాని పాత గోవాకు వెళ్లేవారిలో చాలామంది బోం జెజూ బసిలికా, సే కెథెడ్రల్ అనే రెండు పెద్ద చర్చిలను చూసి వెనుదిరుగుతారు. వాటికి పడమటి దిక్కున ఉన్న మోంతె సాంతో గుట్ట మీద సగం తెగిన గోపురం ఒకటి 46 మీటర్ల ఎత్తున నిలిచి ఉంది. అలంకరణలు మెండుగా ఉండే యూరప్ నిర్మాణ శైలి బరోక్ గోవాలో వేళ్లూనుకుంటున్న రోజుల్లో, 1602లో అగస్టీనియన్లు అనే కాథలిక్ మతసంఘపు సన్యాసులు పూర్తి చేసిన చర్చిలో మిగిలిన ప్రధాన భాగం అదే. ఈ శిథిలాలను మాత్రమే వివరించే రెండు గంటల గైడు సేవను ఇటీవల ఉపయోగించుకున్నాను.

గైడుకు ఈ స్థలం కొట్టిన పిండి. కప్పు లేని ప్రధాన మందిరంలో నడిపిస్తూ, గోడలకు ఇంకా అంటిపెట్టుకుని ఉన్న రంగుల పింగాణీ పలకల ముక్కలనూ, నేలలో పరిచిన సమాధి ఫలకాలనూ ఒక్కొక్కటిగా చూపించారు. ఒక ఫలకం దగ్గర మమ్మల్ని మోకాళ్ల మీద కూర్చోబెట్టి, ఎండ ఏటవాలుగా పడినప్పుడు మాత్రమే తేలే అక్షరాలను వేలితో గాలిలో రాసి చదివించిన తీరు నాకు బాగా నచ్చింది.

అన్నింటికంటే ఎక్కువ సమయం కేతేవాన్ రాణి కథకే కేటాయించారు, అందులో తప్పు లేదు. పర్షియా పాలకుడు షా అబ్బాస్ 1624లో షిరాజ్‌లో చంపించిన ఈ జార్జియా రాణి అవశేషాలను కొన్నింటిని అగస్టీనియన్లు గోవాకు తెచ్చి, ఈ మఠంలోని ఒక కిటికీ దగ్గర భద్రపరిచారని పాత పోర్చుగీసు పత్రాలలో ఉంది. ఆ ఆధారంతో జరిపిన తవ్వకాలలో దొరికిన ఎముకను హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు డీఎన్‌ఏ పరీక్షకు పెట్టి, భారతదేశంలో కనిపించని, జార్జియాలో ఉన్న మాతృవంశ గుర్తును (తల్లి నుంచి బిడ్డలకు వచ్చే జన్యు గుర్తును) అందులో గుర్తించారు. 2021లో భారత ప్రభుత్వం ఆ అవశేషాన్ని జార్జియాకు అప్పగించింది. మన హైదరాబాద్ పేరు అక్కడ వినబడగానే మా బృందంలో కలిగిన సంబరాన్ని దాచుకోవడం కష్టమైంది.

అయితే ఈ చర్చి ఎందుకు కూలిందన్న అసలు ప్రశ్న దగ్గర గైడు తడబడ్డారు. అంటువ్యాధులు వచ్చి జనం వెళ్లిపోయారని ఒక్క మాటలో తేల్చేశారు. నగరం ఖాళీ కావడానికి వ్యాధులు కారణమే కానీ, ఈ కట్టడానికి చేటు తెచ్చింది 1834లో పోర్చుగల్‌లో మతసంఘాలను రద్దు చేసిన ఉత్తర్వు. మరుసటి ఏడాదికల్లా సన్యాసులు మఠాన్ని వదిలిపెట్టవలసి వచ్చింది. మరమ్మతులు చేయించే దిక్కు లేకపోవడంతో 1842లో కమాను కప్పు కూలింది. ఈ చర్చిని కట్టిన లాటరైట్ అనే ఎర్ర రాయి నిండా తూట్లే, పైనున్న సున్నపు గచ్చే దానికి రక్ష. కప్పు పోయి, గచ్చు రాలిన గోడ గోవా వానల్లో ఏటేటా నానుతూ ఉంటే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. 1931లో ముఖభాగమూ, గోపురంలో సగమూ నేలకొరిగాయి. తెగిన గోపురం పక్కనే నిలబడి ఆ ఎర్రటి రాతి తూట్లను చూపిస్తే ఇదంతా రెండు నిమిషాలలో అర్థమయ్యేది. శత్రువు ఫిరంగి గుండు ఒక్కటీ తగలకుండానే ఇంత పెద్ద చర్చి మాయమైందన్న విషయం రాణి కథకు ఏ మాత్రం తీసిపోదని నా అభిప్రాయం.

గుట్ట మీద నీడ తక్కువ కాబట్టి పొద్దున్నే మొదలయ్యే విడతను ఎంచుకోవడం మంచిది. పిల్లలకు రెండు గంటలు ఎక్కువే. ఇచ్చిన డబ్బుకు తగిన సేవ అని చెప్పగలను, ఐదింటికి మూడున్నర చుక్కలు ఇస్తాను. తగ్గించిన వాటిలో అర చుక్క చర్చి గంట కోసం. ఈ గోపురంలో మోగిన గంటను తరువాతి కాలంలో అగ్వాడ కోటకు తరలించి, 1871లో పణజిలోని అమలోద్భవి మాత చర్చికి చేర్చారు. గైడు ఆ ఊసే ఎత్తలేదు. సాయంత్రం మేమే వెళ్లి చూశాం, తెల్లటి మెట్ల కింద నిలబడి తలెత్తితే ముఖభాగం నడుమ అది స్పష్టంగా కనిపిస్తుంది.