మ్యాక్ స్టూడియో: ఎడిటర్లకు విందు, డీటీపీ వారికి పస్తు

2022 మార్చిలో ఆపిల్ విడుదల చేసిన డెస్క్‌టాప్ కంప్యూటర్ మ్యాక్ స్టూడియో సృజనాత్మక వృత్తుల వారికి తగిన యంత్రమని చెప్పడానికి నాకు సంకోచం లేదు గానీ, ఆ మాట ముందుగా వీడియో ఎడిటర్లకే వర్తిస్తుంది. ప్రాసెసర్, గ్రాఫిక్స్ ఒకే మెమరీని పంచుకోవడమూ, ప్రోరెస్ (ఆపిల్ వీడియో ఫార్మాట్) ఫైళ్ల కోసం చిప్‌లోనే ప్రత్యేక విభాగం ఉండటమూ వల్ల, 4కె దృశ్యాలను నాలుగైదు వరుసలుగా పేర్చి టైమ్‌లైన్ మీద అటూ ఇటూ లాగినా బొమ్మ తడబడదు.

ఈ వర్గం నమ్మకాన్ని ఆపిల్ ఒకసారి పోగొట్టుకున్నదే. 2011లో వచ్చిన ఆపిల్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫైనల్ కట్ ప్రో ఎక్స్ పాత ప్రాజెక్టులను తెరవలేకపోయింది, మల్టీక్యామ్ (పలు కెమెరాల దృశ్యాలను కలిపి ఎడిట్ చేసే సదుపాయం) కూడా అప్పట్లో లేదు. ఆ దెబ్బకు ఎందరో ఎడిటర్లు అడోబీ వారి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ వైపు మళ్లారు. 2020లో మ్యాక్‌లను ఇంటెల్ నుంచి సొంత చిప్‌లకు మార్చినప్పుడు మాత్రం, ఇంటెల్ కోసం రాసిన అప్లికేషన్లను నడిపే రొసెట్టా 2ను వెంట తెచ్చింది. 2021 మార్చికల్లా ఫొటోషాప్ కొత్త చిప్‌కు తగిన రూపంలో వచ్చేసింది.

త్రీడీ పనివారి సంగతి వేరు: త్రీడీ బొమ్మలు తయారుచేసే త్రీడీఎస్ మ్యాక్స్ విండోస్‌కే పరిమితం, ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డులతో లెక్కలు చేయించే క్యూడా ఈ మ్యాక్‌లో పనిచేయదు. కంప్యూటర్ మీద అచ్చు పేజీలు కూర్చే మన డీటీపీ సెంటర్ల ఇబ్బంది ఇంకా పాతది. 1985లో మ్యాక్ మీదే పుట్టిన పేజీల కూర్పు సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్, విచిత్రంగా, నేడు మన పెళ్లిపత్రికల దుకాణాల్లో అను ఫాంట్లతో (రోమన్ అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలు ఉంచిన పాత ఫాంట్లు) విండోస్ మీద బతుకుతోంది. ఆ పాఠాన్ని ఏ కంప్యూటరైనా గుర్తించే యూనికోడ్‌లోకి మార్చకుండా మ్యాక్‌లో అతికిస్తే, ‘శుభలేఖ’ ఉండవలసిన చోట రోమన్ అక్షరాలూ గుర్తులూ బారులు తీరతాయి. అటువంటి పని చేసేవారు పాత విండోస్ పెట్టెనే ఉంచుకోవడం మేలు. ఎడిటర్లు మాత్రం, మెమరీని తర్వాత పెంచుకునే వీలు లేదు కనుక, కొనేటప్పుడే 64 జీబీ తీసుకోవాలి.