మార్కుల గడి ఉన్న ఆత్మీయ డైరీ: కొనవచ్చా?

కొత్త సంవత్సరం వస్తూనే చాలామంది క్రైస్తవ విశ్వాసుల చేతికి వచ్చే డైరీ ఇది. రోజుకో పేజీ. పైన బైబిల్ వాక్యభాగం, కింద ప్రార్థన, ఉపవాసం, సాక్ష్యం (విశ్వాసం గురించి ఇతరులకు చెప్పడం), కానుక అంటూ టిక్కు గడులు, అడుగున ఆ రోజు మార్కులు. ఇదే పద్ధతిలో నడిచే యాప్‌లు చదివిన రోజులను వరుసగా లెక్కపెడతాయి. ఒక్క రోజు తప్పితే లెక్క మళ్లీ సున్నా.

పఠన పట్టిక వరకు ఉపయోగమే. బైబిల్లోని 66 పుస్తకాల్లో 1,189 అధ్యాయాలు, అంటే రోజుకి మూడు, అప్పుడప్పుడు నాలుగు. పాత, కొత్త నిబంధనలు కలిపి ఇచ్చే పట్టికనే ఎంచుకోండి; ఆదికాండం నుంచి వరుసగా వెళ్లేవారిలో చాలామంది మూడో పుస్తకం, నియమాలతో నిండిన లేవీయకాండం దగ్గర ఆగిపోతారు. తేదీలు అచ్చువేయడం మాత్రం లోపం. పది రోజులు జ్వరపడితే 32కి పైగా అధ్యాయాలు బాకీ పడతాయి. బాకీ తీర్చే తొందరలో చదివింది మనసుకు పట్టదు.

అసలు చిక్కంతా మార్కుల గడిలో ఉంది. మార్కులు బాగా వచ్చిన రోజు ధైర్యంగా ప్రార్థిస్తాం, రాని రోజు దేవుని ముందుకు రావడానికే జంకుతాం. హెబ్రీ 10:19 ఆ ధైర్యం యేసు రక్తం వల్ల కలుగుతుందంటుంది. మన ఆధారం అక్కణ్ణుంచి డైరీ మీదికి జారిపోయిందన్నమాట. లూకా 18లోని పరిసయ్యుడు, అంటే ధర్మశాస్త్రాన్ని కచ్చితంగా పాటించే యూదుడు, వారానికి రెండుసార్లు ఉపవాసం ఉండేవాడు, పదోవంతు ఇచ్చేవాడు. ఈ డైరీ అతనికి మంచి మార్కులే వేస్తుంది. నీతిమంతుడిగా తీర్చబడి ఇంటికి వెళ్లింది మాత్రం చూపించుకోవడానికి ఏమీ లేని సుంకరి, అంటే పన్నులు వసూలుచేసేవాడు. రక్షణ విశ్వాసం వల్ల, ఆ తర్వాతి ఎదుగుదల మన పట్టుదల వల్ల అనుకునేవారినే అపొస్తలుడైన పౌలు గలతీ 3:3లో నిలదీశాడు: ఆత్మతో మొదలుపెట్టి శరీరంతో, అంటే సొంత బలంతో, ముగిస్తారా అని.

అలాగని చేతులు ముడుచుకు కూర్చోవడం విశ్వాసం కాదు. అందరికంటే ఎక్కువ ప్రయాసపడ్డానన్న పౌలే, ప్రయాసపడింది తాను కాదు, తనకు తోడైన కృప అన్నాడు (1 కొరింథీ 15:10). ప్రయాస ఉంటుంది, బలం మాత్రం మనది కాదు.

ఇప్పటికే కొన్నవారు మార్కుల గడి మీద కాగితం అంటించేయండి. తేదీలు కొట్టేసి, ఆగిన చోటి నుంచే చదవండి. కోపంతో పోరాడేవారు "ఇవాళ కోప్పడను" అని రాయకుండా, ముందు దీర్ఘశాంతాన్ని ఆత్మ ఫలంలో చెప్పే గలతీ 5:22 రాసుకోవాలి. తర్వాత "ప్రభువా, దీర్ఘశాంతం నాలో లేదు, నీ ఆత్మే ఇవ్వాలి" అని అడగాలి. ఆ రోజు కోపం వచ్చే సందర్భం ఏదో, ఎవరితోనో ఒక్క మాటలో రాసుకుని, అడిగింది దొరుకుతుందన్న నమ్మకంతో అక్కడికి వెళ్లాలి. పడిపోతే రాత్రి, పాపాలు ఒప్పుకుంటే దేవుడు క్షమిస్తాడనే 1 యోహాను 1:9 పట్టుకుని ఒప్పుకోవాలి. శిక్షగా మర్నాడు రెండు అధ్యాయాలు ఎక్కువ చదవడం వద్దు; చాలామంది తెలియకుండానే మళ్లీ పాత దారిలో పడేది ఇక్కడే. యాప్ వాడేవారు వరుస లెక్క గుర్తుచేసే నోటిఫికేషన్లు ఆపేయాలి.

చిన్న తప్పుకే మనస్సాక్షి నలిగిపోయేవారికి, కొత్త విశ్వాసులకు ఈ డైరీ ఇవ్వకండి. సంఘంలో అందరి ముందూ మార్కులు చదివించే అలవాటుంటే అసలే వద్దు. వారికి గీతల నోటుపుస్తకం చాలు. ఆరే అధ్యాయాలున్న గలతీ పత్రికతో, రోజుకొకటి చొప్పున మొదలుపెట్టించండి.