షిరు, వకరు: జపనీస్‌లో 'తెలియదు' అనడానికి ఏది మేలు?

జపనీస్ నేర్చుకునేవారికి మొదటి పాఠాల్లోనే ఎదురయ్యే జంట షిరు, వకరు. నిఘంటువు మొదటిదానికి 'తెలియు' అనీ, రెండోదానికి 'అర్థమగు' అనీ చెప్పి ఊరుకుంటుంది. సంభాషణలో ఈ గీత నిలవదు. మనం 'తెలియదు' అనే చాలా చోట్ల జపనీయుల నోట వచ్చేది వకరిమసెన్, అంటే వకరుకు మర్యాదగా చెప్పే వ్యతిరేక రూపం.

షిరు అంటే బయటి సమాచారం మనకు చేరడం. మనుషులతో పరిచయం, ఒక వార్త, ఒక ఊరి పేరు దీని కిందికి వస్తాయి. 'తనక-సన్ ఒ షిత్తెఇమస్' అంటే తనక గారు నాకు తెలుసునని. వకరు అలాకాదు, అది మనసులో విషయం తేటపడడం. ఆ క్రియను రాసే కంజి (చైనా నుంచి వచ్చిన లిపి) అక్షరానికి విభజించడం అని అర్థం; చిక్కుపడి ఉన్నది విడివడి కనబడడమన్న ఆ భావానికి మన 'విడమరచి చెప్పడం' ఎంతో దగ్గర. అందుకే 'ఎంత ఆలోచించినా వకరనై (అర్థం కావడం లేదు)' అనవచ్చు గాని, అక్కడ షిరు వ్యతిరేక రూపమైన షిరనై కుదరదు, ఆలోచించినంత మాత్రాన లేని సమాచారం పుట్టదు కదా.

ఇక్కడ తెలుగువారికి ఒక వెసులుబాటు ఉంది. 'నాకు జపనీస్ అర్థమవుతుంది' అన్న వాక్యంలో జపనీస్ కర్మ కాదు, కర్త స్థానంలో ఉంది. 'నిహొంగొ గ వకరిమస్' నిర్మాణం సరిగ్గా ఇదే. అలాగే 'తెలుసు'కు వ్యతిరేకం 'తెలియదు' అయినట్టే, షిత్తెఇమస్‌కు వ్యతిరేకం షిరిమసెన్. షిత్తెఇమసెన్ అని సాధారణంగా అనరు.

అసలు చిక్కు మర్యాద దగ్గర వస్తుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆదివారం ఏం చేస్తున్నారని పక్క సీటావిడ ఆప్యాయంగా అడిగితే, ఇంకా ఏమీ అనుకోలేదన్న ఉద్దేశంతో నేను 'షిరిమసెన్' అన్నాను. ఆమె ముఖంలో నవ్వు ఆగిపోయి, తల తిప్పుకొని పనిలో పడింది. సొంత విషయం గురించి అడిగినప్పుడు ఆ మాట 'ఏమో, నాకేం తెలుసు' అన్నంత విసురుగా వినిపిస్తుందని తర్వాత తెలిసింది. అక్కడ అనవలసింది 'మద వకరిమసెన్', అంటే ఇంకా తేల్చుకోలేదని. కాబట్టి ఏది వాడాలో తోచనప్పుడు వకరిమసెన్ మేలని నా అభిప్రాయం.

పని చెప్పినప్పుడు 'సరే, అర్థమైంది' అనడానికి కూడా వకరిమషితయే తప్ప షిరిమషిత పనికిరాదు. ఖాతాదారులతోనైతే 'కషికొమరిమషిత' ఇంకా గౌరవం.

పెద్దలను 'మీకు తెలుసా' అని అడిగేటప్పుడు మాత్రం వకరు వెనక్కి తగ్గాలి. 'వకరిమస్ క' అంటే వారి గ్రహింపుశక్తిని పరీక్షిస్తున్నట్టు ఉంటుంది. 'గొజొంజి దెస్ క' అనాలి. అది మన 'తమరు ఎరుగుదురా' వంటిది.