తుపాకీ కేసు పట్టుకుని వెళ్లిన నెల్లూరు లాయరు ఆఫీసు గురించి

నాలుగు స్టార్లు ఇస్తున్నా. ఒకటి ఎందుకు తగ్గించానో చివర్లో చెప్తాను.

మాది ఉదయగిరి పక్క. శనక్కాయ చేలో అడవిపందుల బాధ పడలేక మా నాయన ఎప్పుడో తీసుకున్న లైసెన్సు తుపాకీ ఉంది, పన్నెండు బోర్ సింగిల్ బ్యారెల్. పోయిన సంక్రాంతి తర్వాత ఒక రోజు పొద్దున వసారాలో కూర్చుని నూనె గుడ్డతో తుడుస్తుంటే పేలింది. రాత్రి చేనికి పోయి వచ్చినప్పుడు తూటా తియ్యడం మర్చిపోయాడంట. సీసపు గుళ్ళు బండకి తగిలి ఎగిరి, ఎదురుగా టీ తాగుతున్న మా మామ పిక్కలో మూడు దిగాయి. మామ అంటే అమ్మకి సొంత తమ్ముడు, ఆయన ఇప్పటికీ నవ్వుతూనే చెప్తాడు గానీ ఆ రోజు మాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

ఆసుపత్రిలో ఇనుప చువ్వ గుచ్చుకుందని చెబుదామన్నది కూడా మామే. డ్యూటీ డాక్టరు గాయం చూసి ఒక్క నవ్వు నవ్వి ఎం.ఎల్.సి. (పోలీసులకి తెలపాల్సిన మెడికో లీగల్ కేసు) అని రాసేశారు. గంటలో స్టేషన్ నుంచి మనిషి వచ్చాడు, తుపాకీ సీజ్ చేశారు, ఎఫ్.ఐ.ఆర్. అయింది.

ముందు ఒక లాయరు దగ్గరికి వెళ్లాం. ఆయన హత్యాయత్నం అన్నాడు, బెయిలుకే లక్ష అవుతుందన్నాడు, అమ్మ అక్కడే కళ్లనీళ్లు పెట్టుకుంది. తెలిసినాయన చెబితే ఈ ఆఫీసుకి వచ్చాం. ఈ లాయరు గారు ఎఫ్.ఐ.ఆర్. కాగితం రెండుసార్లు చదివి, చంపాలన్న ఉద్దేశం ఎక్కడా లేనప్పుడు ఆ సెక్షన్ ఎట్టా వస్తుంది, ఎవరు చెప్పారు మీకు అన్నారు. పోలీసులు పెట్టినవి రెండే అని చూపించారు. ఒకటి బి.ఎన్.ఎస్. (ఐ.పి.సి. బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత) 125(ఎ), అంటే నిర్లక్ష్యంగా గాయపరచడం, ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. ఎముక విరిగి ఉంటే అదే సెక్షన్‌లో ‘బి’ కిందికి పోయి మూడేళ్ల దాకా వచ్చేదంట, అందుకే ఊండ్ సర్టిఫికెట్ (గాయం గురించి డాక్టరు ఇచ్చే కాగితం), ఎక్స్‌రే రెండూ తెమ్మన్నారు. మామ చచ్చిపోయి ఉంటే 106, అయిదేళ్ల దాకా. పాత చట్టంలో అది రెండేళ్లే, 2024 జూలై నుంచి పెరిగింది. ఈ మాట వినేసరికి నాయన ముఖంలో రక్తం లేదు.

రెండోది ఆయుధాల చట్టం 25(9). పెళ్లిళ్లలో, జాతరల్లో గాల్లోకి కాల్చేవాళ్ల కోసం 2019లో తెచ్చిన సెక్షన్ అని నేను పేపర్లో చదివాను గానీ, నిర్లక్ష్యంగా వాడి పక్కవాళ్ల ప్రాణం మీదికి తెచ్చినా అదే సెక్షన్ అని ఇక్కడే తెలిసింది. రెండేళ్ల దాకా, లేదా లక్ష జరిమానా, లేదా రెండూ. లైసెన్సు ఉంటే చాలు, పొరపాటున పేలితే ఏమీ కాదు అని మా ఊళ్లో అందరూ అనుకునేదే. నాయనా అదే అడిగాడు, ఇది యాక్సిడెంట్ కదా సార్ అని. దానికో సెక్షన్ ఉంది, బి.ఎన్.ఎస్.లో 18వది. పని చేస్తుంటే గొడ్డలి ఊడిపోయి పక్కన నిలబడినవాడికి తగిలిందని చట్టంలోనే ఉదాహరణ ఉందంట, కానీ తగినంత జాగ్రత్త తీసుకున్నవాడికే అది వర్తిస్తుంది. “పెద్దాయనా, తుడిచే ముందు గొట్టం తెరిచి చూశారా?” అని అడిగారు. నాయన తల దించుకున్నాడు. ఇక అదే పట్టుకుని వాదిద్దామని ఆశ పెట్టలేదు చూడండి, నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది అక్కడే.

ఇంకోటి చెప్పాలి. నాయనకి 68 ఏళ్లు, అందుకని మా అన్న పేల్చింది నేనేనని చెప్తానన్నాడు. లాయరు గారు నిజంగానే అరిచారు. అన్నకి లైసెన్సు లేదు, అతని చేతిలో తుపాకీ ఉందని తేలితే కనీసం రెండేళ్లు, అయిదేళ్ల దాకా, పైగా ఇచ్చినందుకు నాయన మీద ఇంకో కేసు. ప్రేమతోనే అన్నాడు పాపం, కొంప మునిగేది.

రెండూ బెయిలిచ్చే సెక్షన్లే కాబట్టి స్టేషన్ బెయిల్‌తోనే బయటపడ్డాం, లక్ష కాదు, ఆ రోజు ఖర్చు జెరాక్సులు, బస్సు చార్జీలే. మామ రాజీకి సిద్ధం. 125కి కోర్టు అనుమతితో రాజీ కుదురుతుంది గానీ ఆయుధాల చట్టం కేసుకి రాజీ లేదు, దాన్ని కొట్టేయించాలంటే హైకోర్టుకి వెళ్లాలి, ఆ ఫీజు వేరే అని మొదటి రోజే చెప్పారు. కలెక్టరు ఆఫీసు నుంచి వచ్చిన షోకాజ్ నోటీసుకి జవాబు కూడా వీళ్లే రాశారు, అయినా లైసెన్సు సస్పెండ్ అయింది.

ఇక తగ్గిన స్టారు. ఆఫీసు రెండో అంతస్తులో, లిఫ్టు లేదు, మోకాళ్ల నొప్పుల నాయన ప్రతిసారీ మెట్ల మీద మూడుసార్లు కూర్చున్నాడు. గుమాస్తా ఫోను ఎత్తడు, ఎత్తితే వాయిదాకి ఇంత అని మొదలుపెడతాడు, రసీదు అడిగితే మొహం మాడ్చుకుంటాడు. ఒక వాయిదా తేదీ తప్పు చెప్పి మమ్మల్ని పొద్దున్నే బస్సెక్కించి ఊరికే తిప్పాడు. పగలు వెళ్లకండి, లాయరు గారు కోర్టులో ఉంటారు. సాయంత్రం ఆరు తర్వాత వెళ్తే ఆయనే నేరుగా మాట్లాడతారు.

కేసు ఇంకా నడుస్తోంది. తుపాకీ ల్యాబ్‌కి పోయింది, పందులు మాత్రం రోజూ వస్తున్నాయి.