కారుమబ్బుల ముందు నీరెండ: వానాకాలపు విశాఖలో చూడవలసిన చోట్లు, ఉండదగిన బసలు

విశాఖపట్నం వెళ్లేవారిలో చాలామంది సముద్రం మీద సూర్యోదయం చూడాలని తెల్లవారుజామునే లేస్తారు. తూర్పు తీరం కాబట్టి అది సహజమే. అయితే వానాకాలం చివరి నెలల్లో ఈ ఊరు చూపించే అత్యంత గొప్ప దృశ్యం మాత్రం సాయంత్రం వేళ, సూర్యుడికి వీపు పెట్టి సముద్రం వైపు చూసేవారికే దక్కుతుందని ఈ యాత్ర తరువాత నేను గట్టిగా చెప్పగలను. ఎదురుగా సముద్రం మీద దాదాపు నల్లబడిన మేఘం, వెనుక పడమటి కొండల మీదుగా ఏటవాలుగా వచ్చే ఎండ, ఆ రెండింటి నడుమ తడిసి మెరిసే ఊరు కలిసి కనిపించే ఆ కొద్దిసేపటి కోసమే నేనూ నా భార్యా సెప్టెంబరులో బయలుదేరాము. అందువల్ల ఇక్కడ ప్రతి చోటునూ, ప్రతి బసనూ ఆ ఒక్క దృష్టితోనే తూచి చెబుతున్నాను.

ఈ దృశ్యం విశాఖకు ఇంత బాగా అమరడానికి ఊరి నైసర్గిక స్వరూపమే కారణం. పడమట తూర్పు కనుమలు, తూర్పున బంగాళాఖాతం ఉండగా, మధ్యాహ్నపు ఉక్కకు కనుమల మీద పుట్టిన ఉరుముల మేఘాలు తరచుగా సాయంత్రానికి తీరం దాటి సముద్రం మీదికి జరుగుతాయి. మేఘం ఊరిని తడిపి వెళ్లిపోయాక పడమట తెరపి ఇస్తుంది. అప్పటికి పొద్దు బాగా వాలి ఉంటుంది కాబట్టి ఎండ గాలిలో చాలా దూరం ప్రయాణించి, నీలి రంగును దారిలోనే పోగొట్టుకుని, పసుపు నారింజ కలిసిన ఛాయతో మనల్ని చేరుతుంది. దట్టమైన మేఘం మీద పడిన వెలుగులో ఎక్కువ భాగం పైకే చెదిరిపోయి అడుగుకు కొద్దిగా మాత్రమే దిగడం వల్ల కింద నుంచి చూసేవారికి అది నల్లగా కనిపిస్తుంది. అటువంటి నలుపు ముందు నిలిచిన మామూలు తెలుపు కూడా కంటికి మరింత తెల్లగా తోస్తుంది. వాన గాలిలోని దుమ్మును కడిగి ఉండడం వల్ల ఎంతో దూరాన ఉన్న పడవ అంచు కూడా స్పష్టంగా తెలుస్తుంది.

చూసిన చోట్లలో కైలాసగిరికే నేను మొదటి స్థానం ఇస్తాను. కొండ ఎత్తు వల్ల ఊరి మేడల నీడ ఇక్కడికి చేరదు, అందుచేత ఎండ చివరి నిమిషం వరకూ నిలుస్తుంది. దక్షిణం వైపు అంచున నిలబడితే బీచ్ రోడ్డు వంపు తిరుగుతూ సముద్రంలోకి చొచ్చుకువచ్చిన డాల్ఫిన్స్ నోస్ కొండ దాకా సాగిపోవడం కనిపిస్తుంది. మేము చూసిన రోజున ఆ కొండకొమ్ము పైభాగం ఇంకా వానలోనే ఉంది, దాని ముందు తీరమంతా ఎండలో ఉంది. మేడల పక్క గోడలు ఒక్కొక్కటే వెలుగుతూ రాగా, సముద్రం మీద తెల్లరంగు వేసిన ఒక చేపల పడవ మాత్రం దీపం పెట్టినట్టు మెరిసింది. అంతలో ఒక కొంగల బారు కొండ కింద నుంచి సముద్రం వైపు సాగింది. నల్లని మేఘం ముందు అవి రెక్క ఎత్తినప్పుడు తెల్లగా వెలిగి, దించినప్పుడు బూడిద రంగులోకి మాసిపోయేవి. శివపార్వతుల తెల్లని విగ్రహాలు ఎండకు తడి మెరుపుతో నిలిచి ఉంటే, వాటి వెనుక ఆకాశం సీసం రంగులో ఉంది. నేను ఆ విగ్రహాలను లోగడ మామూలు ఎండలో చూసి ఉన్నాను కానీ, వాటికి ఇంతటి గాంభీర్యం ఉంటుందని అప్పుడు అనుకోలేదు.

ఇంద్రధనుస్సు కోసం వెళ్లేవారికి కూడా కొండే మేలు. సూర్యుడు క్షితిజానికి 42 డిగ్రీల లోపు ఎత్తులో ఉంటేనే నేల మీద నిలబడినవారికి హరివిల్లు కనిపిస్తుంది. పొద్దు ఎంత వాలితే విల్లు అంత పైకి లేస్తుంది. ఎత్తైన చోటు నుంచి చూస్తే దాని పాదం సముద్రపు నీటి మీదికి దిగడం కూడా కనిపిస్తుంది. మాకు రెండు విల్లులూ కనిపించాయి. పైదానిలో రంగుల వరుస తలకిందులుగా ఉంటుంది. రెండింటి నడుమ ఉన్న ఆకాశపు పట్టీ చుట్టుపక్కల కంటే చీకటిగా ఉండడం ఫోటోలలో చూసినదే అయినా, ఎదురుగా అంత వెడల్పున చూసినప్పుడు కలిగే ఆశ్చర్యం వేరు. ఒక్క జాగ్రత్త తప్పనిసరి. ఉరుము వినిపిస్తున్నంతసేపూ కొండ మీదికి వెళ్లరాదు, చివరి ఉరుము తరువాత కనీసం అరగంట ఆగాలి. గాలి బలంగా ఉన్నందువల్ల మేము వెళ్లినప్పుడు రోప్‌వే ఆపివేశారు. అందుచేత వానాకాలంలో రోప్‌వేను నమ్ముకోకుండా రోడ్డు మార్గాన ఆటోలోనో కారులోనో వెళ్లడం మంచిది.

ఆర్కే బీచ్‌ను చాలామంది రద్దీ కారణంగా తక్కువ చేసి మాట్లాడతారు. నా అంచనా వేరు. ఒడ్డుకు వచ్చే అల ముఖం నేల వైపు, అంటే పడమర వైపు తిరిగి ఉంటుంది. ఉదయం పూట ఆ ముఖం నీడలో ఉంటుంది, సాయంత్రపు ఎండ మాత్రం నేరుగా దాని మీదే పడుతుంది. అల విరగబోయే క్షణంలో దాని పలుచని పై అంచు ఆకుపచ్చగా వెలిగి, మరుక్షణం నురగగా మారి, వెనుక ఉన్న నల్లని ఆకాశం ముందు తెల్లగా పేలుతుంది. దీనిని ఇంత దగ్గరగా చూపించే చోటు మరొకటి మాకు దొరకలేదు. అయితే బీచ్ రోడ్డు మేడల నీడ ఇసుక మీదికి త్వరగా పాకుతుంది కాబట్టి సెప్టెంబరులో ఐదు గంటలకల్లా అక్కడ ఉండాలి. 1969లో నౌకాదళంలో చేరి 2002 నుంచి ఇదే ఒడ్డున ప్రదర్శనశాలగా ఉన్న కురుసుర జలాంతర్గామి నల్లని ఒంటి మీద వాననీరు చారలుగా దిగుతూ ఎండకు మెరవడం కూడా చూడదగినదే. నీటిలోకి మాత్రం దిగవద్దు. ఇక్కడ లోపలికి లాగే నీటి ఒరవడి బలమైనది, ప్రాణాలు పోయిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి.

తొట్లకొండ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. రెండు వేల ఏళ్లనాటి ఈ బౌద్ధారామం 128 మీటర్ల ఎత్తున, మంగమారిపేట పైన, సముద్రానికి ఎదురుగా ఉంది. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లనే కొండకు ఆ పేరు వచ్చింది. 1988 నుంచి 1993 వరకు జరిగిన తవ్వకాలలో స్తూపాలు, విహారాలు, శాతవాహన నాణేలు, రోమను వెండి నాణేలు బయటపడ్డాయి. వాన వెలిసిన తరువాత ఆ తొట్లు నిండుగా ఉంటాయి. ఒక తొట్టి అంచున కూర్చుని లోపలికి చూస్తే, సగం నీటిలో కారుమబ్బు, మిగతా సగంలో ఎండ పడిన ఇటుక గోడ ప్రతిబింబిస్తున్నాయి. కైలాసగిరిలో ఉన్న హడావిడి ఇక్కడ లేదు, ఆ సందడి ఇష్టపడనివారు నేరుగా ఇక్కడికే రావచ్చు. కొండ పైన తల దాచుకునే చోటు తక్కువ కాబట్టి గొడుగు ఉండాలి. సాయంత్రం గేటు మూసే వేళను కింద అడిగి తెలుసుకుని పైకి వెళ్లాలి, ఎందుకంటే మనకు కావలసిన వెలుగు వచ్చేది సరిగ్గా ఆ వేళకే.

భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు ఈ వెలుగులో పూర్తిగా వేరే లోకంగా కనిపిస్తాయి. ఇసుక రేణువుల మీద పొరగా ఉన్న ఇనుము ఆక్సైడ్ వాటికి ఎర్రని రంగు ఇస్తుంది. ఇటువంటి దిబ్బలు దక్షిణాసియాలో ఇక్కడ కాక తమిళనాడు తీరంలోనూ శ్రీలంకలోనూ మాత్రమే ఉన్నట్టు చెబుతారు. వానకు ముదిరిన ఎరుపు మీద పడమటి ఎండ పడినప్పుడు గండి గోడలు నిప్పు రంగుకు తిరుగుతాయి. వాటి పైన జీడిమామిడి చెట్ల పచ్చదనం, ఆ పైన సీసపు రంగు ఆకాశం. మూడు రంగులూ ఒకదానినొకటి ఎత్తి చూపే ఆ క్షణంలో మేమిద్దరమూ చాలాసేపు మాట్లాడుకోలేదు. ఈ దిబ్బలు మెత్తనివి, ఒక్కొక్క వానకూ ఎంతో కొంత కొట్టుకుపోతున్నాయి. దయచేసి అంచుల మీదికి ఎక్కవద్దు, బాటలోనే నడవండి.

యారాడ ఎంత అందమైనదైనా ఈ పనికి అంతగా ఉపయోగపడదు. మూడు వైపులా కొండలు ఉండడం వల్ల ఇసుక మీదికి నీడ ముందే దిగుతుంది. ఋషికొండలోనూ కొంతవరకు ఇదే ఇబ్బంది. భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట నేల చదునుగా ఉండి వెలుగు ఎక్కువసేపు నిలుస్తుంది.

బసల విషయానికి వస్తే, మొదట బీచ్ రోడ్డు మీద ఒక పెద్ద హోటల్‌లో సముద్రం కనిపించే గది కోసం అదనంగా చెల్లించి దిగాము. గది శుభ్రంగా ఉంది, భోజనమూ బాగుంది. కానీ కిటికీ అద్దాలు తెరుచుకోని రకం. వాటి మీద ఉప్పుగాలి పేరుకుని తెల్లని పొర కట్టింది. తుడిపించమని అడిగితే బయటి వైపు తుడిచేవారు వారానికి ఒకసారే వస్తారని మర్యాదగానే చెప్పారు. సముద్రం కనిపించింది, ఆకాశం మాత్రం మసకబారింది. పైగా గది తూర్పుకే తెరుచుకుని ఉండడం వల్ల పడమట తెరపి ఇచ్చిందో లేదో తెలుసుకునే మార్గం లేదు. ఆ తరువాత లాసన్స్ బే కాలనీలో, ఒక పెద్దావిడ తన ఇంటి పై అంతస్తు అద్దెకిస్తున్న చోటికి మారాము. లిఫ్టు లేదు, గదులు చిన్నవి, వేడినీళ్లు అడిగితేనే వస్తాయి. అయినా నాలుగు వైపులా తెరిచి ఉన్న మేడ ఉంది. వాన పడుతుండగా మేము మెట్ల మీద తచ్చాడడం చూసి ఆవిడ, "కంగారు పడకండి బాబూ, సింహాచలం కొండ కనిపించిందంటే ఇంకో పావుగంటలో ఎండొచ్చేస్తుంది, ఈలోగా కాఫీ తాగండి" అన్నారు. అలాగే జరిగింది. వానపొర వెనుక మాయమైన కొండల వరస మళ్లీ గీత గీసినట్టు తేలింది, వెంటనే ఎండ వచ్చింది. ఈ దృశ్యం కోసం వచ్చేవారు గది అద్దె కంటే ముందు మేడ మీదికి వెళ్లనిస్తారా లేదా అని అడగాలని నా సలహా.

ఇక సేవలలో నాకు అన్నిటికంటే ఎక్కువగా ఉపకరించినది వాతావరణ శాఖ వారి రాడార్ చిత్రం. కైలాసగిరి మీద ఉన్న డాప్లర్ రాడార్ చూపే వానపట్టీలను వారి వెబ్‌సైటులో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. రంగుల పట్టీ వెనుక అంచు ఊరి పడమటి వైపుకు చేరిందంటే బయలుదేరవలసిన సమయం వచ్చినట్టే. రైల్వే స్టేషన్ నుంచి భీమిలికి వెళ్లే 900కె బస్సు ఋషికొండ వైపు చోట్లకు చవకైన మార్గం, అయితే వాన వెలిసే వేళకు బస్సు కోసం ఎదురుచూస్తే వెలుగు దాటిపోతుంది. వాన పడుతుండగా ఆటోలు దొరకడం కష్టం, దొరికినా ఎక్కువ అడుగుతారు. మేము ఒకే ఆటోను మధ్యాహ్నం నుంచి రాత్రి వరకు మాట్లాడుకున్నాము. ఆ డ్రైవరు మా పని అర్థం చేసుకుని, "ఇప్పుడే వద్దు సార్, పడమర తెల్లబడనివ్వండి" అని ఒకచోట ఆపి, బీచ్ దగ్గర కాల్చిన మొక్కజొన్న పొత్తులు తినేదాకా ఓపికగా ఉన్నాడు. ఫోటో తీసేవారు ఫోనులో ఎండ పడిన భాగం మీద వేలు పెట్టి వెలుతురు తగ్గించుకోవాలి. లేకపోతే ఫోను మబ్బును తనంతట తాను తెల్లబరిచి, ఉన్న అందమంతా చెరిపేస్తుంది.

సెప్టెంబరు, అక్టోబరు మొదటి వారాలు ఇందుకు తగినవి. అక్టోబరు మధ్యకు పొద్దు ఐదున్నర దాటగానే కుంకుతుంది కాబట్టి అన్నీ ఒక అరగంట ముందుకు జరుపుకోవాలి. సముద్రంలో అల్పపీడనం ఉన్న రోజుల్లో ఆకాశమంతా ఒకే బూడిద రంగుతో మూసుకుపోతుంది, ఎండకు సందు దొరకదు. వాయుగుండం వార్త వస్తే ప్రయాణం మానుకోవడమే సరైనది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ తీరాన్నే తాకింది. ఆ రోజును చూసిన విశాఖవాసులు సముద్రం మీద నల్లబడిన ఆకాశాన్ని మనలా కేవలం అందంగా చూడలేరు, వారు వద్దన్న చోటికి, వద్దన్న వేళకు వెళ్లకూడదు.